కొంటాం, అమ్ముతాం

డాబాగార్డెన్స్ మలుపులో మా కొట్టు.
ముందు ఎర్రంకెల బోర్డు.
ఎడమ వరస కొంటాం, కుడి వరస అమ్ముతాం.
రెండు వరసల మధ్య ఖాళీ మీదే
పద్నాలుగేళ్లుగా నా ఇంటి అద్దె.

ఆ ఖాళీని వేలితో చూపించి అడిగిన మొదటి మనిషి
తెడ్డు నూకరత్నం.

ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాడే గొంతు,
గాజు అద్దానికి ఇవతల కూడా తగ్గలేదు:
"బేంకాకు డబ్బులున్నాయేటి?"
క్యూలో ఉన్న మర్చంట్ నేవీ కుర్రాడు ఉలిక్కిపడ్డాడు.
పదకొండు మంది ఆడవాళ్ళు ఏడాది పాటు చీటీ కట్టి
నాలుగు రాత్రులకు వెళ్తున్నారట.
అందరి డబ్బూ ఆమె బొడ్డు సంచిలోనే.
పాస్‌పోర్టులకు రెండు రబ్బరు బ్యాండ్లు.

అమ్మేది రెండు డెబ్బై ఆరు, అన్నాను.
"మిగిల్తే తెస్తాను. ఎంతకి కొంటావు?"
రెండు నలభై ఎనిమిది. నాణాలైతే తీసుకోం.

ఐసు కింది చేపకి మొప్ప ఎత్తి చూసినట్టు
నన్ను చూసింది.
"అదే నోటు.
గుమ్మం దిగి ఎక్కేసరికి
ఇరవై ఎనిమిది పైసలు సచ్చిపోతాయా నాయినా?"

కమీషన్ లేదండీ, అన్నాను.
బోర్డు కింద రాసిందే.

"కమీసను లేదన్నోడి తక్కెడే
తిరగేసి సూడమంది మా అత్త.
అడుగున మైనం ఉంటాదంట."

వెళ్ళిపోయింది.
మే నెల, ఒంటిగంట, ఉప్పు గాలి కూడా వేడి.
మూడున్నరకి మళ్ళీ వచ్చింది,
అరచేతిలో బాల్‌పెన్నుతో మూడు కొట్ల రేట్లు.
ఆశీల్‌మెట్టది చెమటకి సగం చెరిగింది.
ద్వారకానగర్ వాడిది రెండు అరవై తొమ్మిది,
కాని కాగితాలకి విడిగా లాగుతాడట.

"రేటు సెప్పకు.
లచ్చా పదివేలు ఇక్కడెడతాను.
అన్నీ పోగా నా సేతిలో ఎన్ని పడతాయి?
అదొక్కటే సెప్పు."

ఓనరుకి ఫోన్ చేశాను.
ఆయన తిట్టాడు, తర్వాత ఒప్పుకున్నాడు.
నలభై ఒక్క వేల రెండొందల డెబ్బై.
"ఒకటోసారి," అంది బల్ల మీద తట్టి.
"రెండోసారి."
మూడోసారి అనకుండా
నా మొహంలోకే చూస్తూ నిలబడింది.
నేను మూడొందలు చేశాను.
ఎందుకు చేశానో ఇప్పటికీ తెలీదు.

పదకొండు ఫారాలు, పదకొండు సంతకాలు.
తొమ్మిది మంది బయట నీడలో
చెరుకురసం తాగుతూ ఒక్కొక్కరే లోపలికి వచ్చారు.
ఒకావిడ బొటనవేలే ముద్దంది.

డబ్బు లెక్కపెట్టిస్తూ, జీతం ఇవ్వని మాటలు రెండు చెప్పాను.
ఎయిర్‌పోర్టులో మాత్రం మార్చకండి.
అక్కడ మీ కోడలు కార్డు గీకితే
రూపాయల్లో కట్టనా, వాళ్ళ బాట్‌లో కట్టనా అని
మెషీను మర్యాదగా అడుగుతుంది.
బాట్ అనే నొక్కమనండి.

"అంతే గదా!
పరాయి రేవులో మన తూకం రాయి పెడతానన్నోడు
మన మేలు కోరి పెట్టడు."

ఆగస్టులో ఒక ఆదివారం
తెల్లారకుండా హార్బర్‌కి వెళ్ళాను.
బోట్ల డీజిలు పొగ, కాకుల గోల,
కోనాం బుట్ట వెనక నూకరత్నం.
కొత్త చలవ కళ్ళద్దాలు నెత్తి మీద.

బేరమాడాను.
పక్క బుట్టలో తక్కువంటున్నారన్నాను.
పొద్దున్న పడవ దగ్గర ఎంతకి కొన్నావు, అని కూడా అడిగాను.
తమలపాకు ఎర్రగా నవ్వింది:
"ఆ వరస నా బోర్డు మీద రాయను బాబూ."

నాలుగొందల డెబ్బై మూడు.
ఐదొందల నోటిచ్చాను.
ఇరవై ఏడు రావాలి.
సంచి అడుగు దాకా వెతికి
నా అరచేతిలో ఒక నాణెం పెట్టింది.
అంచు వెండి రంగు, నడుమ పసుపు.
పది బాట్లు.

"నాణాలు కొననన్నావు గదా, ఇప్పుడు కొన్నావు.
నీ రేటుకే ఇస్తన్నాను, రెండు డెబ్బై ఆరు.
అరవై పైసలు నువ్వే బాకీ."

చేప తోక సంచిలోంచి బయటికి వేలాడుతోంది.
జేబులన్నీ తడుముకున్నాను.